కరెంటు మంట – మొదటి రెండు నిమిషాలు



ప్రతి ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికీన్’ అనే ఓడ పేలిపోయినప్పుడు, మంటలు ఆర్పబోయి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే ఈ వారం. ఆ రోజుల్లో ఫైర్‌స్టేషన్ వారు మా ఆసుపత్రికి కూడా వచ్చి, ఆవరణలో మంట పెట్టి, ఎర్ర సిలిండరుతో ఆర్పి చూపించేవారు. మేము చుట్టూ నిలబడి చూసి, చప్పట్లు కొట్టి, ఎవరి వార్డుకు వారు వెళ్లిపోయేవాళ్లం.

చూడటం వేరు, చేతితో పట్టుకోవడం వేరు అని మాకు ఒక రాత్రి తెలిసివచ్చింది. ఆ సంగతి ముందుగా చెప్పి, తర్వాత మీ ఇంటి విషయానికి వస్తాము.

ఆ రాత్రి మా వార్డులో

అది ఆడవారి మెడికల్ వార్డు. అర్ధరాత్రి దాటి రెండు గంటలు కావచ్చింది. ఒక రోగి మంచం పక్కన గోడకు ఒకే ప్లగ్గు ఉంది. రోగి తరఫువారు ఇంటి నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకొని దానికి తగిలించారు. ఆ బాక్సులో రెండు సెల్‌ఫోన్ ఛార్జర్లు, ఒక టేబుల్ ఫ్యాను, నీళ్లు కాచుకొనే కరెంటు కెటిల్. బాక్సేమో మంచం కింద, బట్టల సంచికి ఆనుకొని ఉంది. సాయంత్రం రౌండులో అది మా కంట పడవలసింది, పడలేదు. ఆ తప్పు మాదే, రోగి బంధువులది కాదు.

కెటిల్ పెట్టిన కాసేపటికి ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. ఎవరో ‘ఏదో కాలుతోంది’ అనేలోగా సంచి అంటుకుంది. రోగి కూతురు కంగారులో బాక్సును చేత్తో పట్టి లాగబోయింది, అరచేయి కాలింది. పక్క మంచం దగ్గరివారు నీళ్ల సీసా ఎత్తారు. మా ఆయమ్మ వాళ్ల చేయి పట్టుకొని, ‘కరెంటమ్మా, నీళ్లొద్దు!’ అని కేక వేసి, పరుగున వెళ్లి వార్డు మెయిన్ కట్టేసింది. నైట్ డ్యూటీ సిస్టరు రెండు మంచాల అవతల ఆక్సిజన్ పెట్టి ఉన్న రోగి దగ్గరకు వెళ్లి, ఆక్సిజన్ ఆపి, మంచాన్ని తోసుకుంటూ వరండాలోకి తీసుకుపోయింది.

ఈలోగా ట్రైనింగులో ఉన్న నర్సింగ్ విద్యార్థిని గోడకున్న సిలిండరు తెచ్చింది. పిడి నొక్కింది, ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా నొక్కింది, అయినా రాలేదు. పిన్ను తీయలేదు మరి. పిడి నొక్కిపట్టి లాగితే పిన్ను బిగుసుకుపోతుంది. ఫైర్‌స్టేషన్ వారు చేసి చూపినప్పుడు ఆ అమ్మాయి మొదటి వరుసలోనే నిలబడి ఉంది. చివరకు పిడి వదిలి, పిన్ను తిప్పి లాగింది. పొడి బయటకు వచ్చింది. పది సెకన్లలో మంట ఆరింది, సిలిండరూ ఖాళీ అయింది.

ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. తెల్లవారి అందరం కూర్చొని లెక్క వేసుకుంటే, వాసన వచ్చినప్పటి నుంచి మంట ఆరేదాకా మహా అయితే రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. అందులో సగం ఆ చిన్న పిన్ను దగ్గరే పోయింది. ఇంకొక నిమిషం ఆలస్యమైతే పరుపు అంటుకునేది. పరుపు అంటుకున్నాక ఆ సిలిండరు సరిపోయేది కాదు. ‘మెయిన్ కట్టాలని నీకెలా తట్టింది?’ అని ఆయమ్మను అడిగితే, ‘మా ఊళ్లో మోటారు స్టార్టరు కాలినప్పుడు ఒకసారి చూశానమ్మా’ అన్నది.

ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో ఒక నియమం పెట్టుకున్నాము. డాక్టరు గారైనా, ఊడ్చే అమ్మాయైనా, ఏడాదికి ఒకసారి సిలిండరు చేతబట్టి పిన్ను లాగి, మంట ఆర్పవలసిందే. చూసినవారిని లెక్కలోకి తీసుకోము.

కరెంటు మంటగా ఎలా మారుతుంది?

అందరూ ‘షార్ట్ సర్క్యూట్’ అనే ఒక్క మాట అంటారు. నిజానికి మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది, మోయలేని బరువు. ఇంట్లో ఫ్యానుకు, సెల్‌ఫోనుకు వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380 వాట్లు. ఆ ప్లగ్గు శక్తి అంతే. ఇప్పుడు వస్తువుల మీద రాసి ఉన్న వాట్లు చూడండి. ఇస్త్రీ పెట్టె 1000, కెటిల్ 1500, గీజరు 2000, ఇండక్షన్ స్టవ్వు 2000 వరకు. కెటిల్ ఒక్కటే ఆ చిన్న ప్లగ్గు శక్తిని దాటిపోతుంది. ఒంటెద్దు బండి మీద రెండు బండ్ల బస్తాలు వేసినట్టు! పైగా తీగలో పారే కరెంటు రెట్టింపు అయితే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే ‘ఇంకొక్కటే కదా’ అనుకొని తగిలించినప్పుడు వైరు పైనున్న ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది.

రెండవది, వదులు కనెక్షను. సాకెట్టులో ప్లగ్గు ఊగుతూ ఉండటం, స్విచ్ బోర్డు లోపల స్క్రూ వదులు కావడం, రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం. ఆ వదులు చోట కరెంటు సన్నని సందు గుండా పోతూ, చిటపటమని మెరుస్తూ, వేడి పుట్టిస్తుంది. ఇది నెలల తరబడి జరుగుతుంది. బోర్డు మీద గోధుమరంగు మచ్చ, స్విచ్ వెచ్చగా తగలడం, సన్నగా గుయ్‌మనే చప్పుడు, లైటు మిణుకుమిణుకుమనడం, చేప కుళ్లినట్టో ప్లాస్టిక్ మాడినట్టో వాసన. ఇవన్నీ ఆ బోర్డు మనతో చెబుతున్న మాటలే.

మూడవది, తీగ పైతొడుగు దెబ్బతినడం. ఎలుకలు కొరకడం, మేకు దిగడం, తలుపు సందులో నలగడం, ముప్పై ఏళ్ల పాత వైరింగు ఎండి పెచ్చులు ఊడటం. లోపలి రెండు తీగలు తగిలితే అదే అసలైన షార్ట్ సర్క్యూట్.

‘మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, దానంతట అదే ఆగిపోతుంది’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఎం.సి.బి. మంచిదే, తప్పక ఉండాలి. అది మొదటి కారణానికీ మూడవదానికీ కాపలా. రెండవదాన్ని, అంటే వదులు కనెక్షన్‌ను, అది గుర్తించలేదు. అక్కడ కరెంటు ఎక్కువగా పారదు, చోటు మాత్రమే వేడెక్కుతుంది. దాన్ని కనిపెట్టవలసినవి మన కన్నూ, ముక్కూ, చేయీ. ఇక మనిషికి షాకు కొట్టకుండా కాపాడేది ఎం.సి.బి. కాదు, ఆర్.సి.సి.బి. అనే మరొక స్విచ్. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు. దాని మీద ‘టెస్ట్’ అనే చిన్న బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కితే టప్‌మని పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పాత ఇళ్లలో ఇంకా ఫ్యూజు పలకలు ఉన్నాయి. మాటిమాటికీ పోతోందని ఫ్యూజులో లావు రాగి తీగ పోగులు చుట్టేస్తారు. కాలిపోవలసిన ఫ్యూజు కాలకపోతే, దాని బదులు ఇల్లు కాలుతుంది.

మీ ఇల్లు ఒకసారి చుట్టి చూడండి

ఈ వ్యాసం చదివాక పది నిమిషాలు ఇంట్లో తిరిగి, ఈ కింది వాటిని చూడండి.

1. గీజరు, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇండక్షన్ స్టవ్వు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి ఉన్నాయా? వీటికి గోడ ప్లగ్గే ఉండాలి. గీజరుకు, ఏసీకి విడి లైను, విడి ఎం.సి.బి. ఉండాలి.

2. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో మరొక బాక్సు పెట్టారా? తివాచీ కింద, పరుపు కింద వైరు పోతోందా? వేడి బయటకు పోయే దారి లేక అక్కడే రాజుకుంటుంది.

3. కరెంటు పోయినప్పుడు ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపుతున్నారా? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇస్త్రీ మధ్యలో కరెంటు పోతుంది, పెట్టెను అలాగే వదిలి బజారుకు వెళతారు, వెనకాల కరెంటు వస్తుంది. కరెంటు పోగానే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసే అలవాటు ఇంట్లో అందరికీ నేర్పండి.

4. నీళ్లు కాచే రాడ్డును ప్లాస్టిక్ బకెట్లో పెట్టి మరిచిపోతున్నారా? నీరు తగ్గితే రాడ్డు ఎర్రబడి బకెట్టు కరిగి అంటుకుంటుంది. స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టి చూడటం ఇంకా ప్రమాదం.

5. సెల్‌ఫోను దిండు కింద పెట్టి ఛార్జింగు చేస్తున్నారా? బల్ల మీదో, గచ్చు మీదో పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకండి.

6. కరెంటు స్కూటరు బ్యాటరీ పడకగదిలో ఛార్జింగు పెడుతున్నారా? 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ కొద్ది రోజుల తేడాతో, ఇంట్లో ఉంచిన స్కూటరు బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చొప్పున మరణించారు. కంపెనీ ఇచ్చిన ఛార్జరుతోనే, మనుషులు మెలకువగా ఉన్న వేళలో, గాలి తగిలే చోట పెట్టండి. మెట్ల కింద మాత్రం వద్దు.

7. ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కడుంది? నీళ్లు పోసే రకం బ్యాటరీ ఛార్జింగు అయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది. గాలి ఆడే చోట ఉండాలి. దాని దగ్గర దీపం, అగరువత్తులు, మూటలు ఉండకూడదు.

8. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ యంత్రం పెట్టారా? దాని ప్లగ్గు నేరుగా గోడకే తగిలించాలి. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ దుప్పటికీ, బట్టలకూ ఆక్సిజన్ పట్టి ఉన్నప్పుడు చిన్న రవ్వ పడినా క్షణంలో భగ్గుమంటుంది. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ మెడికల్ కాలేజీలో నవజాత శిశువుల వార్డు అంటుకొని పదిమంది పసికందులు చనిపోయారు. ఆక్సిజన్ ఉన్న చోట మంట ఎంత వేగంగా పాకుతుందో అక్కడ అందరూ చూశారు. కాబట్టి ఆ గదిలో బీడీ, దీపం, కొవ్వొత్తి వద్దు. రోగి ముఖానికి నూనె, వాజ్‌లైన్ రాయవద్దు.

వైర్లు, స్విచ్‌లు, ప్లగ్గులు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నవే కొనండి. నూరు రూపాయలు మిగులుతాయని దొరికిన బాక్సు కొంటే, ఆ నూరుకు మించిన ఖర్చు మా బర్న్స్ వార్డులో అవుతుంది.

ఎర్ర సిలిండరు – ఏది కొనాలి?

కొత్తగా పెళ్లయిన పిల్లలకు మిక్సీ, కుక్కరు ఇచ్చే మనం, మంటలార్పే సిలిండరు ఇవ్వాలని ఎప్పుడూ అనుకోము. సిలిండర్లన్నీ చూడటానికి ఎర్రగానే ఉంటాయి కాబట్టి లేబుల్ చదవాలి.

ఎ.బి.సి. పొడి సిలిండరు: ఇంటికి ఇదే అనువైనది. బట్ట, కట్టె, కాగితం మంటకూ, పెట్రోలు, కిరోసిన్ మంటకూ, గ్యాసు మంటకూ, కరెంటు మంటకూ పనికివస్తుంది. మామూలు ఇంటికి 2 కిలోలది చాలు, బరువు మోయగలిగితే 4 కిలోలది మేలు. దీని పొడి ఇల్లంతా కమ్ముకుంటుంది, యంత్రాల్లోకి పోతే పాడుచేస్తుంది. ప్రాణం కంటే అది పెద్ద నష్టమేమీ కాదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు: కొనకు నల్లని బూరలాంటిది ఉంటుంది. కంప్యూటర్లు, ల్యాబు యంత్రాలు, కరెంటు ప్యానెళ్లు ఉన్న చోట మంచిది, పొడి మిగలదు. వాడేటప్పుడు బూరను పట్టుకోకూడదు, చేయి మంచుకు కాలినట్టు కాలుతుంది. ఇరుకు గదిలో వాడితే వెంటనే బయటకు రావాలి, లేకపోతే ఊపిరి ఆడదు.

నీళ్ల సిలిండరు, నురుగు సిలిండరు: కరెంటు ఉన్న మంట మీద వీటిని వాడనే కూడదు.

కొనేటప్పుడు ఐ.ఎస్. 15683 అనే నంబరుతో ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడండి. తయారైన తేదీ, తిరిగి నింపవలసిన తేదీ లేబుల్ మీద ఉండాలి.

ఎక్కడ పెట్టాలి? గది నుంచి బయటకు వెళ్లే దారిలో, తలుపు దగ్గర, చేతికి అందే ఎత్తులో. వంటింటి పొయ్యి పైన పెడితే, మంట వచ్చినప్పుడు మంట దాటి చేయి చాచాలి. బీరువా వెనక, బియ్యం డ్రమ్ము వెనక పెట్టినది లేనట్టే లెక్క. మా ఆసుపత్రిలోనే ఒక వార్డు సిలిండరు ఉతికిన దుప్పట్ల బీరువా వెనక ఉండగా తనిఖీలో దొరికింది.

నెలకొకసారి ఏం చూడాలి? పొడి సిలిండరు గేజిలో ముల్లు పచ్చరంగులో ఉండాలి. పిన్ను, సీలు ఉండాలి. గొట్టం పగలకూడదు, లోపల సాలీడు గూళ్లు కట్టకూడదు. సిలిండరును ఒకసారి తలకిందులు చేసి కదిపితే అడుగున గడ్డకట్టిన పొడి కదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు మామూలుగా గేజి ఉండదు, తూకం వేసి తెలుసుకోవాలి. ఏ సిలిండరైనా ఒక్క సెకను వాడినా మళ్లీ నింపించాలి. ‘ఇంకా సగం ఉంది కదా’ అని గోడకు తగిలిస్తే ప్రెషరు మెల్లగా పోయి, అవసరానికి పనిచేయదు.

వాడే విధానం

ముందు మెయిన్ ఆపండి. ఇంట్లోవారిని బయటకు పంపి, ఒకరితో ఫోను చేయించండి. ఫైరింజనుకు 101, ఏ ఆపదకైనా 112. ఆ తర్వాత:

1. పిడిని నొక్కకుండా, పిన్నును తిప్పి లాగండి.
2. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి, గొట్టాన్ని మంట పైభాగానికి కాకుండా మంట మొదలుకు గురిపెట్టండి.
3. పిడి నొక్కండి.
4. చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పండి.

మీ వీపు తలుపు వైపు ఉండాలి. మంటకూ తలుపుకూ మధ్య మీరుండాలి, మీకూ తలుపుకూ మధ్య మంట ఉండకూడదు. 2 కిలోల సిలిండరు 8 నుంచి 10 సెకన్లు మాత్రమే పనిచేస్తుంది, పెద్దది సుమారు 15 సెకన్లు. కాబట్టి ఈ సిలిండరు చెత్తబుట్టంత మంటకు, ఒక బోర్డు మంటకు, ఒక టీవీ మంటకు. గది మంటకు కాదు.

మూకుడులో నూనె అంటుకుంటే సిలిండరుతో పని లేదు. గ్యాసు కట్టేసి, మూత పెట్టి, చల్లారేదాకా తీయకండి. దాని మీద నీళ్లు పోస్తే మంట కప్పును తాకుతుంది.

ఎప్పుడు వదిలి వెళ్లాలి?

మంట మీ నడుము ఎత్తు దాటినా, పొగ కప్పు నుంచి కిందికి దిగుతున్నా, సిలిండరు అయిపోయినా వదిలేయండి. తలుపు దగ్గరకు వేసి బయటకు రండి. నగలు, కాగితాలు తరువాత చూసుకోవచ్చు.

ఎందుకంటే ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. మనిషి మత్తుగా, తలనొప్పిగా ఉండి, కాళ్లు తేలిపోయి కూలబడతాడు. నిద్రలో ఉన్నవారికి మెలకువే రాదు.

మన చుట్టుపక్కల జరిగినవే చూడండి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింది అంతస్తులోని కరెంటు స్కూటర్ల షోరూములో మంట పుట్టింది. పైన లాడ్జిలో దిగినవారి దాకా పొగ మెట్ల గుండా పాకి ఎనిమిదిమంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాదులోనే స్వప్నలోక్ కాంప్లెక్సులో, పైఅంతస్తులో ఉద్యోగం చేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కుకొని చనిపోయారు. 2025 మే 18 ఉదయం చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబ బంధువులు 17 మంది పోయారు, వారిలో ఎనిమిదిమంది చిన్నపిల్లలు. ఇంటికి ఉన్న దారి ఒక్కటే, అది ఇరుకు మెట్లు.

ఈ మూడు చోట్లా పొగ వెళ్లిన దారే మనుషులు రావలసిన దారి. అందుకే మెట్ల కింద మీటర్లు, ఇన్వర్టర్లు, స్కూటర్లు, పాత పరుపులు పెట్టవద్దని అంటున్నాము. అపార్టుమెంటులో ఈ విషయం మాట్లాడితే ఇరుగుపొరుగు ముఖం చిట్లించవచ్చు. అయినా మాట్లాడండి. కిటికీలకు దొంగల భయంతో బిగించే ఇనుప ఊచల్లో ఒకదానికైనా లోపలి నుంచి తెరుచుకొనే గడి పెట్టించండి. రాత్రి తాళం వేస్తే తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకు కూడా తెలియాలి.

పొగలో చిక్కితే వంగి, నేల దగ్గరగా పాకండి, మంచి గాలి అక్కడే కాస్త ఉంటుంది. లిఫ్టు ఎక్కవద్దు. బయటకు దారి లేకపోతే తలుపు మూసి, కింది సందులో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేయండి.

మా వృత్తివారి మాట ఒకటి. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలో ఏ.ఎం.ఆర్.ఐ. ఆసుపత్రి సెల్లారులో రేగిన మంట పొగ వార్డులకు ఎక్కి, తొంభై మంది దాకా చనిపోయారు. కేరళకు చెందిన ఇద్దరు యువ నర్సులు రోగులను ఒక్కొక్కరినే బయటకు చేర్చి, మిగిలినవారికోసం మళ్లీ లోపలికి వెళ్లి తిరిగి రాలేదు. మేము మా విద్యార్థినులకు ఆ ఇద్దరి గురించి చెప్పినప్పుడు, వారి ధైర్యంతో పాటు ఆ సెల్లారు గురించి కూడా చెబుతాము. సెల్లారు శుభ్రంగా ఉంటే ఆ ధైర్యంతో పని పడేది కాదు.

పనిచోట, మందిరంలో

దుకాణంలో, టైలరింగ్ షాపులో, ట్యూషన్ సెంటరులో, పిండిమిల్లులో కూడా ఈ జాగ్రత్తలే. సాయంత్రం తాళం వేసే ముందు మెయిన్ ఆపడం ఒకరి బాధ్యతగా పెట్టండి. ‘అందరి పని’ అంటే ఎవరి పనీ కాదు. రెండవ తలుపు ముందు సరుకు పేర్చవద్దు.

మందిరాల్లో ఆదివారం పర్వాలేదు గాని, పండుగల్లో, పెళ్లిళ్లలో లోడు ఒక్కసారిగా పెరుగుతుంది. క్రిస్మసుకు కాగితపు నక్షత్రంలో వేడెక్కే పాతరకం బల్బు వేయకండి, చిన్న ఎల్.ఇ.డి. వేయండి. పశువుల పాకలో ఎండుగడ్డి, దూది, థర్మకోల్ మీదుగా సీరియల్ లైట్లు లాగకండి. రాత్రి పడుకునే ముందు ఆపేయండి. గుడ్డ పందిరికి వైరు కట్టవద్దు. ఇంకొక చిన్న సంగతి. ఆరాధన రోజున తలుపు ముందే చెప్పులు గుట్టగా పడి ఉంటాయి. వందమంది ఒక్కసారి బయటకు రావలసివస్తే మొదటివారు ఆ చెప్పుల మీదే పడతారు. పక్కన ఒక స్టాండు పెట్టించండి.

కాలితే, షాకు కొడితే

కాలిన చోట వెంటనే పంపు నీళ్లు 20 నిమిషాలు పారనివ్వండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, ఇడ్లీ పిండి ఏవీ వద్దు. ఆ రాత్రి కూతురి అరచేతికి, మేము చూసేలోగా, వాళ్లమ్మ పేస్టు రాసేసింది. అది కడిగి తీయడానికే ఆ పిల్ల ఎక్కువ ఏడ్చింది. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన బట్ట కప్పి తీసుకురండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా, నేల మీద పడి దొర్లాలి. నూలు దుప్పటి కప్పాలి.

షాకు కొట్టినవారిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి చోట నిలబడి పొడి కర్రతో, ప్లాస్టిక్ కుర్చీతో వేరుచేయండి. వీధిలో తెగిపడిన కరెంటు తీగకు ఈ పద్ధతి పనికిరాదు. దూరంగా ఉండి 1912కు ఫోను చేయండి. మనిషి స్పృహ లేక ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. కరెంటు గాయం పైకి చిన్న మచ్చలా కనిపించినా లోపల కండరాలను, గుండెను దెబ్బతీసి ఉండవచ్చు. ఇ.సి.జి. తీయించకుండా ఇంటికి పోవద్దు.

పొగ పీల్చినవారు మాట్లాడుతూ, నడుస్తూ ఉన్నా తీసుకురండి. గొంతు బొంగురుపోవడం, ముక్కులో మసి, కనుబొమలు కాలడం ఉంటే కొన్ని గంటల్లో గొంతు వాచి ఊపిరి ఆగవచ్చు. కోవిడ్ రోజుల్లో కొన్న వేలి ఆక్సిమీటరును ఇక్కడ నమ్మవద్దు. అది కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఆక్సిజన్ అనే లెక్క వేసి 98 చూపించగలదు.

ఈ వారం ఒక పని

ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో అందరికీ చూపించండి. చీకట్లో కూడా చేయి దాని మీదకు వెళ్లాలి. సిలిండరు ఉంటే, సీలు తెంచకుండానే, పిన్ను ఎక్కడుందో ఒక్కొక్కరి చేత తాకించండి. లేకపోతే ఈ నెల కొనండి.

ఆ రాత్రి పిన్ను మరిచిపోయిన విద్యార్థిని ఇప్పుడు మా దగ్గరే స్టాఫ్ నర్సు. కొత్త బ్యాచికి సిలిండరు పాఠం ఆ అమ్మాయే చెబుతుంది. ముందుగా పిడి నొక్కి చూపించి, ‘చూడండి, ఏమీ రాలేదు’ అంటుంది. తరువాత పిన్ను లాగుతుంది.

మీరు ఔట్‌పేషెంటు విభాగానికి వచ్చినప్పుడు, రిజిస్ట్రేషన్ కౌంటరు పక్కన గోడకు ఎర్ర సిలిండరు కనిపిస్తుంది. ఎలా వాడాలో చూపించమని మా సిస్టర్లలో ఎవరినైనా అడగండి. రెండు నిమిషాల్లో నేర్పుతారు.